‘మిస్టర్ బేట్స్’లో జో హ్యామిల్టన్‌గా మోనికా డోలన్: చూసినవాళ్లు ఏమంటారు? (కథ మొత్తం చెప్పేస్తున్నాం, చూడనివాళ్లు జాగ్రత్త)

వేణి_ఎన్:
బ్రిటన్ టీవీ ఛానెల్ ఐటీవీలో 2024 జనవరి 1 నుంచి 4 వరకు వరసగా నాలుగు రాత్రులు వేసిన ‘మిస్టర్ బేట్స్ వర్సెస్ ది పోస్టాఫీస్’ ఇప్పటికి కుదిరి చూశాను. దాంతోపాటే అసలు మనుషులతో తీసిన ‘ది రియల్ స్టోరీ’ డాక్యుమెంటరీ కూడా అయిపోయింది. పోస్టాఫీసు మీద పోరాటం నడిపిన అలన్ బేట్స్‌గా వేసిన టోబీ జోన్స్ గురించి అందరూ రాసేశారు, మళ్లీ నేనెందుకు. నన్ను వదలనిది మోనికా డోలన్.

తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. బ్రిటన్ పల్లెల్లో పోస్టాఫీసు అంటే చాలాచోట్ల కిరాణా కొట్టులో ఒక మూల కౌంటర్. దాన్ని నడిపే సబ్‌పోస్ట్‌మాస్టర్ జీతగాడు కాదు, కాంట్రాక్టు మీద సొంత డబ్బు పెట్టి నడుపుకునే మనిషి. 1999 నుంచి వీళ్లందరికీ హొరైజన్ అని ఫుజిత్సు వాళ్ల కంప్యూటర్ లెక్కలు పెట్టారు. అది లేని లోటు చూపించడం మొదలుపెట్టింది. పోస్టాఫీసు సంస్థ కంప్యూటర్‌ని నమ్మింది, మనుషుల్ని నమ్మలేదు. 1999, 2015 మధ్య 900 మందికి పైగా దోషులుగా తేలారు, అందులో 700 పైచిలుకు కేసులు పోస్టాఫీసు సంస్థే స్వయంగా నడిపింది.

డోలన్ వేసిన జో హ్యామిల్టన్ అలాంటి సబ్‌పోస్ట్‌మాస్టరే, ఆమెది హాంప్‌షైర్‌లో సౌత్ వార్న్‌బరో అనే చిన్న ఊరు. కొట్టు, కెఫే, పక్కన పోస్టాఫీసు కౌంటర్. మొదటి ఎపిసోడ్‌లో ఆమె హెల్ప్‌లైన్‌తో ఫోన్లో ఉంటుంది. రెండు వేల పౌండ్లు తక్కువ చూపిస్తోంది. అవతలివాళ్లు ఏదో నొక్కమంటారు, నొక్కుతుంది, కళ్ల ముందే అది నాలుగు వేలు అవుతుంది. ఆ క్షణంలో డోలన్ ముఖం చూడండి. కోపం రాదు. ‘నేనేం చేశాను’ అన్నట్టు చూస్తుంది. ఫోన్లో ఉన్నవాళ్లతో ఇంకా మర్యాదగానే మాట్లాడుతుంది. అక్కడే నాకు ఈమె ఎంత గొప్ప నటో అర్థమైంది. మీరేమంటారు?

పాతరేడియో:
బాగా చేసింది, కాదనను. కానీ నాకో పేచీ ఉంది వేణి గారూ. అసలు జో హ్యామిల్టన్ బతికే ఉంది, చక్కగా మాట్లాడుతుంది, డాక్యుమెంటరీలో స్వయంగా తన కథ తనే చెప్పింది. మరి మధ్యలో నటి ఎందుకు? జరిగిన అన్యాయం చెప్పడానికి నేపథ్య సంగీతం, కన్నీళ్లు, మంచి పల్లెటూరి జనం, చెడ్డ పట్నం ఆఫీసర్లు, ఇదంతా అవసరమా? నాకైతే డాక్యుమెంటరీ ఒక్కటే చాలనిపించింది. సీరియల్‌లో మొదటి నిమిషం నుంచే ఈమె అమాయకురాలు అని మనకి చెప్పేస్తున్నారు, ఇక నటించడానికి ఏముంది?

తెరవెనుక:
నాటకాలు వేసే మనిషిగా ఒక మాట చెప్తాను రేడియో అన్నా, మీ పేచీకి జవాబు మీరే ఇచ్చేశారు.

డాక్యుమెంటరీలో కూర్చున్న జోకి తను నిర్దోషినని తెలుసు. కోర్టు చెప్పింది, దేశం చెప్పింది. ఆ కథ ఆమె విలేకరులకి, లాయర్లకి, కమిటీలకి చెప్పి చెప్పి దానికి ఒక మొదలు, ఒక చివర వచ్చేశాయి. మధ్యలో జోకులు కూడా వేస్తుంది. అందులో తప్పేం లేదు, అన్నేళ్లు మోసిన మనిషి అలాగే చెప్తుంది. కానీ ఆ రోజుల్లో కౌంటర్ వెనక కూర్చున్న జోకి ఆ సంగతి తెలియదు! తనకి కంప్యూటర్ రాదేమో, ఎక్కడో ఒక సున్నా ఎక్కువ కొట్టానేమో, మతిమరుపు వస్తోందేమో అనుకుంటూ ఉంది. ఆ తెలియకపోవడాన్ని అసలు మనిషి ఇప్పుడు కెమెరా ముందు మళ్లీ తెచ్చుకోలేదు. నటి తెస్తుంది. డోలన్ చేసిన పని అది.

చాలామంది నటులు ‘నిర్దోషి’ని ఆడతారు, అంటే కళ్లలో నిజాయతీ, గొంతులో బాధ, మనకేసి ఒక చూపు. ఈమె నిర్దోషిని ఆడలేదు, తన మీద తనకే నమ్మకం పోతున్న మనిషిని ఆడింది. ఆ తేడా చాలా పెద్దది. ఆడిటర్లు వచ్చినప్పుడు ఆమె వాళ్లకి అడ్డం పడదు, సాయం చేయాలని చూస్తుంది, వాళ్లు ఏదో ఒకటి కనిపెట్టి తనని ఈ అయోమయం నుంచి బయట పడేస్తారన్న ఆశ. ఒళ్లంతా క్షమాపణలా ఉంటుంది.

ఇంకో సంగతి. ఇదే మోనికా డోలన్ 2011లో ‘అప్రోప్రియేట్ అడల్ట్’లో రోజ్ వెస్ట్‌గా వేసింది, బ్రిటన్‌లో పేరు చెబితేనే జనం ముఖం తిప్పుకునే హంతకురాలు. దానికి బాఫ్టా అవార్డు వచ్చింది. ఆ మనిషిని, ఈ మనిషిని ఒకే నటి చేసిందని చెప్తే నమ్మబుద్ధి కాదు.

చిన్నోడు_92:
రోజ్ వెస్ట్ ఈమేనా?? బాబోయ్. నేను ‘డబ్ల్యూ1ఏ’ కామెడీలో చూశాను, అక్కడ ప్రతి మీటింగ్‌లో అందరి ఉత్సాహం మీద నీళ్లు చల్లే పాత్ర. అస్సలు గుర్తుపట్టలేదు.

అన్నట్టు నాకో డౌట్, తిట్టకండి. తప్పు చేయనప్పుడు జో కోర్టులో నేరం ఎందుకు ఒప్పుకుంది? మా ఇంట్లో చూస్తున్నప్పుడు అందరూ ఇదే అడిగారు. నేనైతే చచ్చినా ఒప్పుకోను అని మా అన్నయ్య డైలాగు.

లాపాయింటు:
మీ అన్నయ్యగారిని ఆ బోనులో నిలబెట్టి చూడాలి.

సంగతి ఇది. 36,000 పౌండ్లు దొంగిలించిందని మొదట ఆరోపణ. దొంగతనం రుజువైతే జైలు ఖాయం అని భయం. అప్పుడు అవతలివైపు నుంచి బేరం వచ్చింది: తప్పుడు లెక్కలు రాశానని ఒప్పుకో, డబ్బు మొత్తం కట్టు, హొరైజన్ మీద తప్పు మోపకు, దొంగతనం కేసు వదిలేస్తాం. ఇల్లు మళ్లీ తాకట్టు పెట్టి, ఊళ్లోవాళ్లు తలా ఇంత వేసి సాయం చేస్తే కట్టింది. వించెస్టర్ క్రౌన్ కోర్టులో నేరం ఒప్పుకుంది, 2008లో శిక్ష వేశారు. ఆ రోజు ఊరుఊరంతా కోర్టుకి వచ్చి కూర్చుంది, సీరియల్‌లో చూపించినది కల్పన కాదు. జైలు తప్పింది గానీ నేరస్తురాలన్న ముద్ర మిగిలింది. తర్వాత అదే ఊళ్లో ఇళ్లు శుభ్రం చేసే పని చేసుకుంది.

ఇప్పుడు అసలు దారుణం వినండి. పోస్టాఫీసు సొంత విచారణాధికారి తన రిపోర్టులో దొంగతనం జరిగినట్టు ఆధారం ఏదీ దొరకలేదని రాశాడు. అయినా దొంగతనం కేసు పెట్టారు. ఎందుకంటే అది మెడ మీద కత్తిలా ఉంటే చిన్న నేరం ఒప్పుకోవడం తేలిక అవుతుంది. 2021లో అప్పీల్ కోర్టు ఈ సంగతంతా తీర్పులో రాసింది. ఆ తీర్పుకి ఆమె పేరే, ‘హ్యామిల్టన్ అండ్ అదర్స్’.

ఇంగ్లండ్, వేల్స్‌లో ఒక సంస్థ పోలీసుల దాకా వెళ్లకుండా తనే ప్రైవేటు ప్రాసిక్యూషన్ నడిపే వీలుంది. అంటే నష్టపోయానని చెప్పేది వాళ్లే, దర్యాప్తు చేసేది వాళ్లే, కేసు నడిపేది వాళ్లే. సీరియల్‌లో ఈ భాగాన్ని గబగబా దాటేశారని నా ఫిర్యాదు.

పాతరేడియో:
లాయరు గారూ, ఒప్పుకుంటాను, కానీ ఒక విషయం తప్పించుకుంటున్నారు. లెక్కలు తప్పుగా రాసి సంతకం పెట్టిందా లేదా? పెట్టింది. డబ్బు లేదని తెలిసీ ఉందని రాసింది. డోలన్ ఎంత బాగా ఏడిచినా ఆ సంతకం సంతకమే కదా. సీరియల్ ఈ ప్రశ్న దగ్గర ఆగలేదు, పక్కనుంచి జారిపోయింది. ఆమెని కొంచెం తప్పు చేసిన మనిషిగా కూడా చూపించి ఉంటే నాకు ఇంకా నచ్చేది.

లెక్కలరావు:
రేడియో గారూ, క్యాష్ కౌంటర్లో జీవితం గడిపినవాణ్ణి, ఈ ప్రశ్న నాకు వదిలేయండి.

నెలాఖరున లెక్క ముగించి తర్వాతి కాలానికి మార్చాలి, వాళ్ల భాషలో రోల్ ఓవర్. స్క్రీన్ ఎంత చెప్తే మీ సొరుగులో అంత ఉందని ప్రకటించాలి. తేడా ఉంటే రెండే దారులు. జేబులోంచి వేసి పూడ్చడం, లేదా ‘నాదే బాకీ’ అని ఒప్పుకుని తర్వాత కట్టడం. ‘ఈ లెక్కే తప్పు, నేను ఒప్పుకోను’ అనే మీట ఆ స్క్రీన్ మీద లేదు. అంతకుముందు తేడాని సస్పెన్స్ ఖాతాలో పక్కన పెట్టే వెసులుబాటు ఉండేది, 2005లో అదీ తీసేశారు. లెక్క ముగించకపోతే మర్నాడు కౌంటర్ తెరవడానికి లేదు. బయట పింఛను కోసం ముసలివాళ్లు నిలబడి ఉంటారు. ఏం చేస్తారు మీరు?

కాంట్రాక్టులో నిర్లక్ష్యం, అజాగ్రత్త, పొరపాటు వల్ల వచ్చిన నష్టానికే సబ్‌పోస్ట్‌మాస్టర్ బాధ్యుడని ఉంది. పోస్టాఫీసు దాన్ని ఎలాంటి నష్టమైనా మీదే అని చదివింది. ఇక హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే చాలామందికి వచ్చిన జవాబు ‘ఇలా ఇంకెవరికీ రావట్లేదండీ, మీకొక్కరికే.’

నా చిన్న అనుభవం ఒకటి. పేరు చెప్పను, ఒక చోట పనిచేసేటప్పుడు సాయంత్రం క్యాష్ తక్కువొచ్చింది. పెద్ద మొత్తం కూడా కాదు. ఎవరూ నన్ను దొంగ అనలేదు. అయినా ఆ రాత్రంతా నోట్లు లెక్కపెట్టిన ప్రతి చెయ్యీ గుర్తు తెచ్చుకుంటూ, నేనే ఎవరికో ఎక్కువిచ్చానేమో అని నన్ను నేనే విచారించుకుంటూ గడిపాను. మర్నాడు తేడా దొరికింది, అది వేరే కథ. డోలన్ ముఖంలో నేను చూసింది సరిగ్గా ఆ టెన్షన్. అందుకే ఆ సంతకం గురించి నాకు ఆమె మీద కోపం రాలేదు.

బగ్‌హంటర్:
రెండు వేలు నాలుగు వేలు కావడం సినిమా మాయ అనుకునేవాళ్లకి సాఫ్ట్‌వేర్ వైపు నుంచి.

హొరైజన్‌లో బయటపడ్డ బగ్గుల్లో ఒకదాని పేరు డాల్‌మెలింగ్టన్, స్కాట్లండ్‌లో అది కనబడిన ఊరి పేరే పెట్టారు. 2015లో అక్కడ ఒకామె పక్క బ్రాంచికి తెచ్చిన 8,000 పౌండ్ల నగదు రసీదు నమోదు చేస్తోంది. స్క్రీన్ కదల్లేదు. కదలకపోతే మనం ఏం చేస్తాం, మళ్లీ ఎంటర్ కొడతాం. ఆమె కొట్టింది. కొట్టిన ప్రతిసారీ వెనకాల ఇంకో 8,000 వచ్చినట్టు నమోదైపోయింది. చివరికి 24,000 పౌండ్ల తేడా. చేతిలో ఉన్న నగదు మారలేదు, కంప్యూటర్ మాత్రం ఇంకా 24,000 ఉండాలి అంటుంది. ఇప్పుడు ఆ డబ్బు ఎక్కడ అని అడిగితే ఆమె ఏం చెప్తుంది?

హొరైజన్ మీద 2019 డిసెంబర్‌లో హైకోర్టు జడ్జి జస్టిస్ ఫ్రేజర్ ఇచ్చిన తీర్పు సాంకేతిక వివరాలతో నిండిన పెద్ద పత్రం, ఓపిక ఉంటే చదవండి, మా ఫీల్డ్ వాళ్లకి పాఠ్యపుస్తకంలా పెట్టాలి. ఇంకో పెద్ద అబద్ధం, బ్రాంచి లెక్కల్లోకి బయటినుంచి ఎవరూ వెళ్లలేరు అని ఏళ్లపాటు చెప్పారు. ఫుజిత్సు వాళ్లు వెళ్లగలరు, వెళ్లారు కూడా.

పైగా ఇంగ్లండ్ చట్టంలో కంప్యూటర్ సరిగ్గా పనిచేస్తోందని రుజువు చేయమనే సెక్షన్ ఒకటి 1984 చట్టంలో ఉండేది, దాన్ని 1999 చట్టంతో తీసేశారు. అంటే హొరైజన్ వచ్చే వేళకి కంప్యూటర్ బాగానే ఉందని కోర్టు అనుకుంటుంది, కాదని మీరు చూపించాలి. పల్లెటూరి కొట్టు నడిపే ఆవిడ ఫుజిత్సు సర్వర్లో తప్పు చూపించాలి!

చిన్నోడు_92:
మరి ఆ 36,000 పౌండ్లు ఎక్కడికి పోయాయి?

లెక్కలరావు:
ఎక్కడికీ పోలేదు తమ్ముడూ, అసలు ఉంటే కదా పోవడానికి. ఉన్నది స్క్రీన్ మీద అంకె. కాకపోతే ఆ అంకెని పూడ్చడానికి జో లాంటివాళ్లు ఇళ్లు తాకట్టు పెట్టి కట్టింది మాత్రం అసలు డబ్బు. అది పోస్టాఫీసు ఖాతాల్లోకే వెళ్లింది.

మాధురి_కె:
అందరూ జో గురించే మాట్లాడుతున్నారు కాబట్టి నేను కొంచెం అడ్డం మాట్లాడతాను. సీమా మిశ్రా ఏది ఈ సీరియల్‌లో? సర్రేలో వెస్ట్ బైఫ్లీట్ పోస్టాఫీసు ఆవిడది. 74,000 పౌండ్ల కేసు. 2010 నవంబర్‌లో ఆమెకి 15 నెలల శిక్ష వేసిన రోజు ఆమె కొడుకు పదో పుట్టినరోజు. అప్పటికి గర్భిణి. కడుపులో బిడ్డ లేకపోతే ప్రాణం తీసుకునేదాన్నని ఆవిడే చెప్పింది. కాలికి ఎలక్ట్రానిక్ ట్యాగ్‌తోనే పురుడు పోసుకుంది. ఇంతకన్నా ఏం కావాలి నాటకానికి?

దానికి బదులు సమన్ కౌర్ అని ఒక పాత్ర పెట్టారు, కృపా పట్టాని వేసింది, చాలా బాగా వేసింది. కానీ తెర మీద ఎక్కువసేపు ఉండేది కేకులు, కొండలు, ఇంగ్లిష్ పల్లెటూరు. ప్రేక్షకులకి తొందరగా దగ్గరయ్యే ముఖం కావాలి, ఆ ముఖం తెల్లగా ఉండాలి. నాకు డోలన్ మీద కోపం లేదు. కానీ ‘మన పక్కింటి ఆంటీ’ అని బ్రిటన్ మొత్తం జోని చూసి ఏడ్చింది కదా, సీమా మిశ్రాని చూసి అలా ఏడ్చేదా అని అనుమానం. 2023లో బయటపడ్డ పోస్టాఫీసు పత్రం గుర్తుందా, విచారణాధికారులకి ఇచ్చిన ఫారంలో అనుమానితుల్ని జాతిని బట్టి వర్గీకరించే కోడ్లు, అందులో నల్లవాళ్లకి వాడిన మాట ఇక్కడ రాయలేను. సంస్థ క్షమాపణ చెప్పింది. ఇంతమంది దక్షిణాసియా సబ్‌పోస్ట్‌మాస్టర్లు బలైన కథలో ఆ కోణం నాలుగు ఎపిసోడ్లలో ఎక్కడుంది?

లాపాయింటు:
మాధురి గారూ, మీరన్నది న్యాయమైన ప్రశ్న, పైగా చిన్నోడి అన్నయ్యకి అసలు జవాబు కూడా మీ దగ్గరే ఉంది. జో రాజీపడింది, జైలు తప్పింది. సీమా మిశ్రా దొంగతనం ఒప్పుకోనంది, జ్యూరీ ముందు పోరాడింది, జైలుకెళ్లింది. ‘చచ్చినా ఒప్పుకోను’ అన్నవాళ్లకి జరిగింది అది. ఈ రెండు కథలూ పక్కపక్కన నడిపి ఉంటే స్క్రిప్టు ఇంకో మెట్టు పైన ఉండేది.

తెరవెనుక:
పక్కపక్కన నడపాలన్నది మంచి మాట. కానీ రచయిత్రి గ్వినెత్ హ్యూస్ పరిస్థితి కూడా చూడాలి. పోస్టాఫీసు మీద 555 మంది కలిసి వేసిన దావా, ఇరవై ఏళ్ల కాలం, నాలుగు గంటలు కూడా లేని నిడివి. అందుకే కొందరిని కలిపి కుట్టారు. లెక్కలు తవ్వి తీసిన సెకండ్ సైట్ సంస్థలో ఇద్దరు నిపుణులుంటే సీరియల్‌లో బాబ్ రూథర్‌ఫర్డ్ అని ఒక్కడే, ఇయాన్ హార్ట్ వేశాడు. ఆ పేరుతో అసలు మనిషి లేడు. లీ క్యాసిల్టన్ (విల్ మెల్లర్), వేల్స్ పెద్దాయన నోయెల్ థామస్, జో, వీళ్లు మాత్రం సొంత పేర్లతోనే ఉన్నారు.

జోని ఎందుకు ముందు పెట్టారంటే నా ఊహ ఒకటే, ఆమె కథలో అన్ని మెట్లూ ఉన్నాయి. హెల్ప్‌లైన్, బేరం, ఊరు, ఆమె ఎంపీ జేమ్స్ ఆర్బత్‌నాట్, తర్వాత ఉద్యమం. కథ పట్టాలు ఆమె మీదుగా వెళ్తేనే పార్లమెంటుకి చేరుతుంది. అయినా సరే మీ అనుమానం తీరిపోయిందని నేననను.

మాధురి_కె:
తీరలేదు లెండి. ఊళ్లోవాళ్లు అండగా నిలిచారు కాబట్టి జో కథ చూడగలిగాం. లీ క్యాసిల్టన్ కుటుంబాన్ని ఊళ్లో దొంగలన్నారు, పిల్లల్ని బళ్లో ఏడిపించారు. అతను లాయరు లేకుండా కోర్టులో ఒంటరిగా వాదించుకుని ఓడిపోయి, దాదాపు 25,000 పౌండ్ల గొడవకి 3,21,000 పౌండ్ల ఖర్చులు నెత్తిన పడి దివాలా తీశాడు. చాలామందికి జరిగింది ఇదే, ఊరు ముఖం తిప్పుకోవడం. అండగా నిలిచిన ఊరు అరుదు.

వేణి_ఎన్:
ఈ మాట నిజం మాధురి గారూ. కానీ డోలన్ వల్ల నాకు ఒకటి తట్టింది. ఊరంతా ‘నువ్వు అలా చేసేదానివి కావు’ అంటుంటే ఆమెకి ఇంకా సిగ్గేస్తుంది. వాళ్ల నమ్మకాన్ని మోయలేకపోతుంది, ఎందుకంటే తన మీద తనకే పూర్తి నమ్మకం లేదు. ప్రేమించేవాళ్ల ముందు తలెత్తలేకపోవడం, తిట్టేవాళ్ల ముందు తలదించుకోవడం కన్నా కష్టంగా కనిపిస్తుంది ఆ ముఖంలో.

అందుకే ఫెన్నీ కాంప్టన్ సీను నాకు చాలా ఇష్టం. 2009లో వార్విక్‌షైర్‌లోని ఆ చిన్న ఊరి హాల్లో బేట్స్ మొదటిసారి అందర్నీ పిలిచాడు. ఎంతమంది వస్తారో తెలియదు. ఒక్కొక్కరే వచ్చి తమకి జరిగింది చెప్తుంటే అందరిదీ ఒకే కథ. ‘మీకొక్కరికే’ అన్న అబద్ధం అక్కడ చచ్చిపోతుంది. ఆ తర్వాతి డోలన్ వేరే మనిషి. గొంతు పెరగదు, భుజాలు మాత్రం సర్దుకుంటాయి. జోకులు మొదలవుతాయి. డాక్యుమెంటరీలో కనిపించే అసలు జో మెల్లగా బయటికి వస్తున్నట్టు ఉంటుంది.

రవ్వంత:
ఈ సీరియల్ వల్లే కదా జో మీద కేసు కొట్టేశారు? అంత పవర్ ఉంటే ఇక డాక్యుమెంటరీలు ఎందుకు, అన్నీ సీరియల్సే తీయండి.

లాపాయింటు:
కాదండీ. జో శిక్షని 2021 ఏప్రిల్ 23న అప్పీల్ కోర్టు కొట్టేసింది, ఆ రోజు 39 మందికి విముక్తి వచ్చింది. సీరియల్‌కి రెండున్నరేళ్ల ముందు సంగతి. అంతకు ముందే 2019లో 555 మంది దావాలో రాజీ కుదిరి దాదాపు 58 మిలియన్ పౌండ్లు వచ్చాయి, కేసు ఖర్చులు పోగా అందరికీ కలిపి మిగిలింది 12 మిలియన్లు.

సీరియల్ తర్వాత జరిగింది వేరే. శిక్ష పడ్డవాళ్లలో చాలామంది అప్పీలుకే వెళ్లలేదు, ఇక కోర్టు పేరెత్తడానికే భయం. వాళ్లందరి శిక్షలనీ ఒకేసారి చట్టంతో కొట్టేశారు, 2024 మే 24న ఆమోదం. కోర్టులు వేసిన శిక్షల్ని పార్లమెంటు గుంపుగా రద్దు చేయడం మామూలు విషయం కాదు, న్యాయవర్గాల్లో గొణుగుడు కూడా వచ్చింది. ఆ చట్టం కింద విముక్తి పొందినవాళ్లకి 6,00,000 పౌండ్ల పరిహారం ఆఫర్. పోస్టాఫీసు మాజీ సీఈఓ పౌలా వెన్నెల్స్ బిరుదు వెనక్కి తీసుకోవాలన్న పిటిషన్ మీద సంతకాలు పది లక్షలు దాటాయి, సీరియల్ అయిపోయిన వారంలోపే ఆమె సీబీఈ తిరిగి ఇచ్చేస్తానంది.

పాతరేడియో:
చూశారా, నా బాధ సరిగ్గా అదే. కంప్యూటర్ వీక్లీ 2009లోనే ఈ కథ రాసింది. ప్రైవేట్ ఐ పత్రిక రాసింది. 2020లో బీబీసీ వాళ్ల ‘రేడియో 4’ ఛానెల్ ఎపిసోడ్ల మీద ఎపిసోడ్లు వేసింది. హైకోర్టు తీర్పిచ్చింది, అప్పీల్ కోర్టు తీర్పిచ్చింది, సర్ విన్ విలియమ్స్ బహిరంగ విచారణ అప్పటికే నడుస్తూ ఉంది. ఎవరూ కదల్లేదు. మోనికా డోలన్ కళ్లలో నీళ్లు తిరిగితే ప్రభుత్వం కదిలింది. ఇది నటనకి గౌరవమా, వ్యవస్థకి సిగ్గుచేటా? మంచి నటి దొరకని బాధితుల సంగతేమిటి? కథకి సరిపడా ముఖం లేనివాళ్లు ఇంకా ఎంతమంది ఉన్నారు?

బగ్‌హంటర్:
ఎన్నికల సంవత్సరం కూడా కదా అన్నా, అది మర్చిపోకండి. జనవరి మొదటి వారం, జనం సెలవుల్లో ఇంట్లో ఉన్నారు, కోటి మందికి పైగా చూశారు. టైమింగ్ కూడా పనిచేసింది.

కానీ ‘మంచి నటి దొరకని బాధితులు’ అన్నది గట్టి పాయింటే. హొరైజన్ కన్నా ముందు కొన్ని బ్రాంచుల్లో క్యాప్చర్ అనే సాఫ్ట్‌వేర్ ఉండేది, దాని వల్ల దెబ్బతిన్నవాళ్లు మా సంగతేమిటని ఇప్పటికీ అడుగుతున్నారు. ఆ చట్టం వాళ్లని కలుపుకోలేదు.

తెరవెనుక:
ఇంకొకటి, ఇంత పేరొచ్చిన సీరియల్ మీద ఐటీవీకి డబ్బులు రాలేదు, నష్టమే వచ్చిందని వాళ్లే చెప్పారు. కథ మరీ బ్రిటన్ సొంత కథ కావడంతో బయటి దేశాలవాళ్లు కొనడానికి పెద్దగా ముందుకు రాలేదట. అందుకని రేడియో అన్నా, రవ్వంత అన్నట్టు ‘అన్నీ సీరియల్సే తీస్తారు’ అన్న భయం అక్కర్లేదు. ఇలాంటివి తీయడానికే ఎవరూ రారు.

ఇంకా నటన సంగతే మాట్లాడాలంటే లియా విలియమ్స్ గురించి ఎవరూ ఎత్తలేదు. పౌలా వెన్నెల్స్‌ని విలన్‌లా వేయలేదు. మెత్తగా, మర్యాదగా, ప్రార్థన చేసే మనిషిలా వేసింది. డోలన్ మర్యాద, విలియమ్స్ మర్యాద ఒకే తరహా మాటలు, కానీ ఒకరిది భయంలోంచి వచ్చిన మర్యాద, ఇంకొకరిది అధికారంలోంచి. మంచి పల్లెటూరు, చెడ్డ ఆఫీసర్లు అన్నారు మీరు. నాకు అంత సులువుగా కనబడలేదు.

పాతరేడియో:
లియా విలియమ్స్ విషయంలో మీతో ఏకీభవిస్తాను. దర్శకుడు జేమ్స్ స్ట్రాంగ్ ఆ పాత్రకి ఇంకో పది నిమిషాలు ఇచ్చి ఊరి సీన్లు కోసి ఉండాల్సింది.

మాధురి_కె:
ఊరి సీన్లు కోసి సమన్ కౌర్‌కి ఇవ్వాలి, వెన్నెల్స్‌కి కాదు 🙂

చిన్నోడు_92:
మా అన్నయ్యకి థ్రెడ్ మొత్తం చదివి వినిపించాను. సీమా మిశ్రా దగ్గరికి వచ్చేసరికి నోరు మూశాడు. తర్వాత ఐదు నిమిషాలకి ‘అయినా లాయరు మంచివాడైతే...’ అని మొదలుపెట్టాడు.

సరే, ఇప్పుడు అమ్మానాన్నలకి చూపించాలి. ముందు ఏది, సీరియలా, డాక్యుమెంటరీయా?

లెక్కలరావు:
పెద్దవాళ్లయితే ఒక జాగ్రత్త చెప్పు బాబూ. ఆత్మహత్యాయత్నం సన్నివేశం ఉంది. బయట జరిగింది అంతకన్నా ఎక్కువ. 2025 జులైలో వచ్చిన విచారణ నివేదిక మొదటి భాగంలో కనీసం 13 మంది ఈ వ్యవహారం వల్లే ప్రాణాలు తీసుకుని ఉండవచ్చని రాశారు.

పాతరేడియో:
డాక్యుమెంటరీ ముందు. అసలు ముఖాలు, అసలు గొంతులు తెలిశాక నటులెవరు ఎంత కలిపారో తెలుస్తుంది.

వేణి_ఎన్:
నేను ఒప్పుకోను రేడియో గారూ. డాక్యుమెంటరీ ముందు చూస్తే జో గెలుస్తుందని తెలిసిపోతుంది, హెల్ప్‌లైన్ సీను సగం పోతుంది. సీరియల్ మొదటి రెండు ఎపిసోడ్లు చూపించు చిన్నోడూ, అక్కడ ఆపి ‘నువ్వయితే ఒప్పుకునేదానివా’ అని మీ అమ్మగారిని అడుగు. జవాబు ఇక్కడ రాయి. మిగతా రెండు ఎపిసోడ్లు, డాక్యుమెంటరీ ఆ తర్వాత.

చిన్నోడు_92:
అడిగాను. ‘మీ నాన్న ఒప్పుకోమంటే ఒప్పుకునేదాన్ని, ఇల్లు తాకట్టు పెట్టమంటే మాత్రం ఒప్పుకోను’ అంది. నాన్న ఇంకా మూడో ఎపిసోడ్ పెట్టనివ్వట్లేదు, ఆ లెక్క ఎక్కడ తప్పిందో కాగితం మీద వేసుకుంటున్నాడు. బగ్‌హంటర్ అన్నా, ఆ డాల్‌మెలింగ్టన్ సంగతి ఇంకొంచెం వివరంగా రాస్తావా, ఆయనకి చూపించాలి.

బగ్‌హంటర్:
రాస్తాను, వేరే థ్రెడ్ తెరుస్తా. ఇక్కడ నటన గురించి మాట్లాడుకోనివ్వు వాళ్లని.